చీటీల సంచి ఎవరి చేతిలో ఉండాలి?

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒక మాట రాశాను. పెద్దాసుపత్రులకు కొత్త అంతస్తులు వేయడం కన్నా, ప్రతి కుటుంబాన్నీ ఫలానా డాక్టరు బాధ్యత అని ఒకరికి అప్పగించడం ముందుగా జరగవలసిన పని అన్నాను. దానిపై విశాఖపట్నం నుంచీ చుట్టుపక్కల జిల్లాల నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు సమర్థించారు, ఒకరిద్దరు గట్టిగానే మందలించారు. వాటిలో ఆరింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులు కూడా. గుండె డాక్టరు గారి దగ్గర ఒక ఫైలు, షుగరు డాక్టరు గారి దగ్గర ఒకటి, ఎముకల డాక్టరు గారి దగ్గర మరొకటి. ఆర్నెల్లుగా కాళ్లు వాస్తున్నాయి. ఒకరిని అడిగితే ఇంకొకరికి చూపించమంటున్నారు. అసలు ఎవరిని అడగాలండీ? చీటీల జిరాక్సులు జతచేశాను.
– ఒక గృహిణి, మర్రిపాలెం

జవాబు: ఉత్తరం మీద వైద్యం చేయడం తగదు కనుక ఏ మాత్ర మానాలో, ఏది వేసుకోవాలో నేను చెప్పను, మీరూ సొంతంగా ఏదీ మాన్పించకండి. అయితే మీరు పంపిన నాలుగు చీటీలను తేదీల వారీగా టేబుల్ మీద పరచి చూస్తే ఒక కథ కనిపిస్తున్నది.

మొదటి చీటీలో బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. ఏడాది తరువాత అదే 10 అయింది. ఆ మందు మోతాదు పెరిగినకొద్దీ కొందరిలో చీలమండల దగ్గర వాపు రావడం వైద్యులందరికీ తెలిసిన విషయమే. సన్నని రక్తనాళాలు విప్పారడం వల్ల వచ్చే వాపు అది. ఒంట్లో నీరు పేరుకుపోవడం వల్ల వచ్చేది కాదు. మూడో చీటీ వేరే డాక్టరు గారిది. ఆయన ఎదుట వాచిన కాళ్లున్నాయి, పాత చీటీలు మాత్రం లేవు. అందుకని మూత్రం ఎక్కువగా పోయే మాత్ర రాశారు. ఆ మాత్ర ఈ రకం వాపును పెద్దగా తగ్గించదు. పైగా పెద్ద వయసులో సోడియం, పొటాషియం తగ్గి, రాత్రిపూట లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం తెచ్చిపెడుతుంది. నాలుగో చీటీ ఎముకల డాక్టరు గారిది. డైక్లోఫెనాక్ పది రోజులకని స్పష్టంగా రాశారు. చీటీ వెనుక మందుల షాపు వారు వేసిన ముద్రలు ఎనిమిది ఉన్నాయి, అంటే పది రోజుల మందు నెలల తరబడి నడిచిందన్నమాట. ఈ నొప్పి మాత్ర బీపీని పెంచుతుంది. మీ అత్తగారు ఇప్పటికే బీపీకి వాడుతున్న టెల్మిసార్టాన్‌తోనూ, నీరు పోయే మాత్రతోనూ కలిస్తే మూత్రపిండాల మీద భారం వేస్తుంది. ఆ టెల్మిసార్టాన్ కూడా రెండు చీటీల్లో రెండు కంపెనీల పేర్లతో ఉంది. ఆవిడ రెండూ వేసుకుంటున్నారేమో చూడండి.

ఇందులో ఏ ఒక్క డాక్టరు గారూ తప్పు చేశారని అనలేను. తమ ముందుకు వచ్చిన అవయవానికి ముగ్గురూ సరైన మందే రాశారు. నాలుగు చీటీలనూ ఒక్కచోట చదివే బాధ్యత ఎవరికీ లేకపోవడమే ఇక్కడి లోపం. ఆ పనిని ఇన్నాళ్లూ మీరే చేస్తూ వచ్చారు, మందుల శాస్త్రం చదవకుండానే.

ప్రాథమిక వైద్యాన్ని జీవితాంతం అధ్యయనం చేసిన అమెరికా వైద్యురాలు బార్బరా స్టార్‌ఫీల్డ్ దానికి నాలుగు లక్షణాలు చెప్పారు. ఏ జబ్బుకైనా మొదట చేరే చోటు అదే కావాలి. ఏళ్ల తరబడి అదే మనిషి చూడాలి. సాధారణంగా వచ్చే బాధలన్నింటికీ అక్కడే వైద్యం దొరకాలి. పై ఆసుపత్రుల్లో జరిగిన వైద్యాన్ని ఒకచోట కూడగట్టి చూసుకోవాలి. మనకు మొదటిది ఎలాగోలా దొరుకుతున్నది. చివరిదాని ఊసే లేదు. రెండోదాని విలువ ఎంతో తెలియాలంటే నార్వే వైపు చూడాలి. అక్కడ 2001 నుంచి ప్రతి మనిషికీ ఒక నియత వైద్యుడు ఉంటున్నాడు. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిని, ఏడాదే అయినవారితో పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. పాతవారిలో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరవలసి రావడమూ, మరణాలూ కూడా సుమారు నాలుగో వంతు తక్కువగా కనిపించాయి. ఇలాంటి లెక్కలు కారణాన్ని పూర్తిగా రుజువు చేయలేవు. అయినా పాత రోగిని గుర్తుపట్టే డాక్టరు ఎంత పనికొస్తాడో నలభై ఏళ్లు క్లినిక్కులో కూర్చున్న నాకు ఆశ్చర్యం కలిగించని లెక్క అది.

ఇక మీ ప్రశ్నకు సూటిగా. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ఎంబీబీఎస్ డాక్టరును గానీ, మీ వార్డు పట్టణ ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారిని గానీ ఎంచుకోండి. చీటీలే కాకుండా ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, సగం అయిపోయినవీ, దేవుడి గూట్లో పెట్టినవీ కూడా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్లండి. “వీటన్నిటినీ కలిపి ఒకసారి చూడండి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష అవసరమేమో చెప్పండి” అని అడగండి. ఇకమీదట ఏ స్పెషలిస్టు ఏ మందు రాసినా మొదటి మాత్ర వేసుకునే ముందు ఆ చీటీ ఈ డాక్టరు కంట పడాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ ఏ బాధకైనా ముందు జీపీ అనే ఇంటి డాక్టరు దగ్గరకే వెళ్లాలట, ఆయన పంపితే గానీ స్పెషలిస్టు చూడడట. ఇక్కడ నాకు గుండెల్లో మంటగా ఉంటే సాయంత్రానికల్లా గుండె డాక్టరును చూసి వస్తాను. మీరు కోరే సంస్కరణ ఈ స్వేచ్ఛను ఊడగొట్టడమే కదా?
– ఉక్కు కర్మాగారం విశ్రాంత ఉద్యోగి, గాజువాక

జవాబు: మీ అభ్యంతరాన్ని తోసిపుచ్చను. గుండెల్లో మంటకు గుండె డాక్టరు గారి ఈసీజీ, ఎకో రెండూ అయ్యాక అది గ్యాసని తేలడానికి మీకు ఎంత ఖర్చయిందో మాత్రం ఉత్తరంలో రాయలేదు.

ఇంగ్లండు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1948 జూలై 5న అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ప్రతి మనిషి పేరూ ఒక జీపీ జాబితాలో చేరింది. జీపీకి ప్రధానంగా వచ్చే డబ్బు చూసిన రోగికి ఇంత అని కాదు, జాబితాలోని తలకు ఇంత అని. రోగి ఆరోగ్యంగా ఉండి రాకపోయినా డాక్టరుకు నష్టం లేదు. ఇంతవరకు చక్కగానే ఉంది. అయితే ఒంటరి డాక్టరు, ఇరుకు గది, సహాయానికి భార్య తప్ప నర్సు గానీ గుమాస్తా గానీ లేకపోవడం వంటి కారణాలతో ఇరవై ఏళ్లు తిరగకుండానే ఆ వృత్తి కుంగిపోయింది. 1965లో జీపీలు మూకుమ్మడి రాజీనామాలకు సిద్ధపడ్డారు. 1966లో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం క్లినిక్కు అద్దెనూ, సిబ్బంది జీతాల్లో అధిక భాగాన్నీ ప్రభుత్వం భరించసాగింది. ఆ తరువాతే నలుగురైదుగురు డాక్టర్లు, నర్సులు ఒకే కప్పు కింద పనిచేసే పద్ధతి వేళ్లూనుకున్నది. సంస్కరణ అంటే నాకు మొదట గుర్తుకొచ్చేది ఆ 1966 ఒప్పందమే. డాక్టరును “బాగా పనిచెయ్యి” అని హెచ్చరించకుండా, బాగా పనిచేయడానికి కావలసిన గదినీ మనుషులనూ ఇచ్చింది.

2004లో బీపీ, షుగరు అదుపులో ఉన్న రోగుల శాతాన్ని బట్టి అదనపు డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టారు. రికార్డులు మెరుగుపడ్డాయి. డాక్టరు చూపు రోగి ముఖం మీద నుంచి కంప్యూటరు గడుల మీదకు పోయిందన్న విమర్శా వచ్చింది. ఇప్పుడు జీపీ అపాయింట్‌మెంటు దొరకడమే కష్టమని మీ అబ్బాయి చెప్పే ఉంటాడు. సగటున ఒక్కొక్క జీపీ మీద 2,000 మందికి పైగా ఉన్నారు.

ఇప్పుడు మన లెక్క చూడండి. పట్టణ ఆరోగ్య కేంద్రానికి జాతీయ ప్రమాణం 50,000 జనాభా. గ్రామాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైదానంలో 30,000, కొండ ప్రాంతంలో 20,000. ఇంత జనాభాను ఒకరిద్దరు వైద్యాధికారుల మీద పెట్టి, “ఇంటి డాక్టరు చీటీ లేనిదే పెద్దాసుపత్రికి రావద్దు” అని గేటు వేస్తే, అది సంస్కరణ కాదు, శిక్ష. కనుక గేటు వేయమని నేను కోరడం లేదు. ఆస్ట్రేలియా 2023 అక్టోబరులో ప్రారంభించిన నమోదు విధానం కూడా ఐచ్ఛికమే. ఇష్టమున్నవారు ఒక క్లినిక్కులో పేరు రాయించుకుంటారు, రాయించుకున్నవారికి కొన్ని సేవలు అదనంగా అందుతాయి. థాయిలాండ్ 2002లో అందరికీ ఆరోగ్య రక్షణ ఇచ్చినప్పుడు కూడా ప్రజలను దగ్గరి ప్రాథమిక వైద్య కేంద్రంలో నమోదు చేసి, తలకు ఇంత చొప్పున ఆ కేంద్రానికి డబ్బు ఇచ్చింది. అప్పటికి అది సంపన్న దేశమేమీ కాదు.

మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 6న అధికారికంగా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో మంచి ఆలోచన ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు వైద్యుల్లో ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 వాహనంలో ఊళ్లకు వెళ్లి, మధ్యాహ్నం నుంచి మంచం పట్టినవారిని ఇంటి దగ్గరే చూడాలని పెట్టారు. కానీ అది పల్లెల కోసం రూపొందినది. గాజువాకలో, మీ వీధిలో, రోజుకు అరవై మందిని చూసే ప్రైవేటు ఎంబీబీఎస్ డాక్టర్లు ఉన్నారు. వారిలో ఇష్టపడినవారికి రెండు మూడు వేల మంది జాబితా అప్పగించి, తలకు ఇంత అని ప్రభుత్వం చెల్లించి, ఒక నర్సును ఇస్తే తప్ప నగరంలో లెక్క కుదరదని నా అభిప్రాయం. ఇది మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం కింద కార్మికుడి పేరు ఒక డిస్పెన్సరీకి జతపడి ఉంటుంది. మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కంపెనీ ఆసుపత్రిలో మీ పేరున కూడా ఒక పుస్తకం ఉండే ఉంటుంది. పదవీ విరమణ చేసిన రోజున ఆ పుస్తకం మూతపడి, ఆ స్థానంలో స్వేచ్ఛ వచ్చింది.

ప్రశ్న: నేను ఏఎన్‌ఎంను. ఒకే ఇంటికి గర్భిణి కోసం ఒకసారి, టీబీ సర్వేకి ఒకసారి, బీపీ షుగరు స్క్రీనింగుకు ఒకసారి, జ్వరాల సర్వేకి మరోసారి వెళ్తున్నాను. ఒక్కోదానికి ఒక్కో రిజిస్టరు, ఒక్కో యాప్. ఇంటివాళ్లు “మళ్లీ వచ్చావా అమ్మా” అంటున్నారు. సమగ్ర వైద్యం అంటే ఇదేనా డాక్టరు గారూ?
– పెందుర్తి మండలం

జవాబు: మీ ప్రశ్నకు యాభై ఏళ్ల చరిత్ర ఉంది తల్లీ. ఆరోగ్య సేవలను ఏకీకృతం చేయాలని జుంగల్‌వాలా కమిటీ 1967లో చెప్పింది. మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు వెళ్లే పద్ధతి మాని, అన్నీ చూసే బహుళార్థ కార్యకర్త ఉండాలని కర్తార్ సింగ్ కమిటీ 1973లో సిఫారసు చేసింది. సిఫారసు అమలైంది, ఒక మెలికతో. కింద మనుషులను ఒకటి చేశారు. పైన కార్యక్రమాలను విడివిడిగానే ఉంచారు. ఇప్పుడు ప్రతి కార్యక్రమానికీ ఒక అధికారి, ఒక లక్ష్యం, ఒక యాప్ ఉండి, అవన్నీ మీ ఒక్కరి భుజానికి వేలాడుతున్నాయి.

యాప్‌లను కలపడం మీ చేతిలో లేదు. మీ పరిధిలో సాధ్యమైనది ఒకటి చెబుతాను. ఇంటికి ఒక పేజీ ఉన్న మామూలు నోటుపుస్తకం పెట్టుకుని, ఒకే రాకలో ఆ ఇంటివారందరి సంగతీ అందులో రాసుకోండి. యాప్‌లలోకి తరువాత ఎక్కించుకోవచ్చు. నాకు తెలిసిన ఒక ఏఎన్‌ఎం గారు ఇలాగే చేసేవారు. గర్భిణి బీపీ చూడటానికి వెళ్లి, అరుగు మీద దగ్గుతున్న మామగారిని ఎన్ని వారాలుగా అని అడిగి, కఫం పరీక్షకు డబ్బీ ఇచ్చి వచ్చేవారు. మీ వైద్యాధికారి వారానికి అరగంట మీ పక్కన కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తే, ఏ సాఫ్ట్‌వేరూ చూపలేని కుటుంబాలు ఆయనకు కనిపిస్తాయి. పై అధికారులకు ఇదే ఉత్తరం మీ సంఘం తరఫున పంపండి.

ప్రశ్న: హౌస్‌సర్జన్సీ చేస్తున్నాను. “ఒట్టి ఎంబీబీఎస్సేనా” అన్న మాట బంధువుల ఇళ్లలో వినని రోజు లేదు. ఫ్యామిలీ మెడిసిన్ పీజీ చేస్తే భవిష్యత్తు ఉందా?
– ఒక వైద్య విద్యార్థిని, మహారాణిపేట

జవాబు: ఆ “ఒట్టి” అనే మాట పుట్టడానికి మనమే కారణం. 1946లో భోర్ కమిటీ దేశానికి కావలసినది సమాజాన్ని తెలిసిన సాధారణ వైద్యుడని రాసి, చికిత్సనూ నివారణనూ ఒకే చోట ఉంచాలన్నది. ఆ తరువాత మనం వైద్యవిద్యను పూర్తిగా పెద్దాసుపత్రి వార్డుల్లోనే నడిపాం. నూరేళ్లు దాటిన విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) వార్డులో మీరు చూసే రోగి శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో జబ్బు ముదిరి వచ్చిన మనిషి. జబ్బు మొదటి వారంలో ఎలా ఉంటుందో, ఏది దానంతట అదే తగ్గుతుందో, ఏది రేపటికి ప్రాణం మీదకు వస్తుందో అక్కడ తెలియదు. ఆ తేడా పసిగట్టడమే సాధారణ వైద్యుడి విద్య, దానికీ మూడేళ్ల శిక్షణ కావాలి. ఎంబీబీఎస్ విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని అనుసరించాలన్న నిబంధన 2022లో వచ్చింది. మీ తరువాతి బ్యాచ్‌లకు ఆ రుచి కొంతైనా తగులుతుంది.

ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ చాలా ఏళ్లుగా ఉంది. ఎండీ సీట్లు దేశం మొత్తం మీద ఇంకా చాలా తక్కువ. ప్రభుత్వోద్యోగాల్లో ఆ డిగ్రీకి ప్రత్యేకమైన పోస్టులూ పదోన్నతులూ సరిగా ఏర్పడలేదు. కాబట్టి “భవిష్యత్తు ఖాయం” అని మీకు అబద్ధం చెప్పలేను. ఆరోగ్య ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే అందాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నవారే ఈ లోపాన్నీ దిద్దాలి. ఒక మనిషి గురించి మాత్రం చెబుతాను. జూలియన్ ట్యూడర్ హార్ట్ వేల్స్‌లోని ఒక బొగ్గుగని పల్లెలో పాతికేళ్లకు పైగా జీపీగా ఉన్నారు. ఊళ్లో పెద్దవాళ్లందరికీ, జబ్బున్నా లేకున్నా, బీపీ చూసి, కనిపెట్టినవారిని ఏళ్ల తరబడి అనుసరించారు. అక్కడి నుంచే, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందన్న సూత్రాన్ని 1971లో రాశారు. ఆ సూత్రం ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరిస్తున్నది. ఆయనా ఒట్టి జీపీయే.

ప్రశ్న: మా నాన్నకు ఫిట్స్ వస్తే నగరంలోని ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. పదిహేను రోజుల మాత్రలిచ్చి పంపారు. అయిపోయాక మా ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఆ మందు స్టాకు లేదన్నారు. మళ్లీ ఫిట్స్ వచ్చాయి. మళ్లీ ఘాట్ రోడ్డు, మళ్లీ బస్సు.
– పాడేరు దగ్గర గ్రామం

జవాబు: వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తెచ్చుకున్న వైద్యం పదహారో రోజున ఆగిపోయింది. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆగితే మళ్లీ ఫిట్స్ రావడం ఖాయమన్నంత సహజం. ఇది ఎవరి తప్పో వెతికితే పంపినవారు కింద ఏ మందు దొరుకుతుందో అడగలేదు, కిందివారికి ఈ రోగి వస్తున్నాడన్న కబురే లేదు. కింది నుంచి పైకి రెఫర్ చేయడానికి మనకు ఫారాలున్నాయి. పై నుంచి కిందికి తిరిగి అప్పగించే ఆనవాయితీ మాత్రం లేదు. సంస్కరణలన్నిటిలోకీ తక్కువ ఖర్చుతో అయ్యేది ఇదేనేమో. డిశ్చార్జి కాగితం మీద రోగి ఊరి ఆరోగ్య కేంద్రం పేరు, ఆ వైద్యాధికారికి నాలుగు వాక్యాల ఉత్తరం, అక్కడ దొరికే మందు పేరు ఉంటే చాలు.

ప్రస్తుతానికి మీరు చేయగలిగింది చెబుతాను. మాత్రలు అయిపోవడానికి వారం ముందే డిశ్చార్జి కాగితం పట్టుకుని వైద్యాధికారిని కలిసి, ఆ మందును ఇండెంటులో (కేంద్రానికి తెప్పించే మందుల జాబితాలో) పెట్టమని అడగండి. ఆలస్యమైతే ఏమి చేయాలో కూడా ఆయన్నే అడగండి. మీ ఊరి ఆరోగ్య మందిరంలోని సామాజిక ఆరోగ్యాధికారి (సీహెచ్‌వో) ద్వారా ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో పై డాక్టరుతో మాట్లాడించమనవచ్చు. అందుకు బస్సు ఎక్కనక్కరలేదు. నాన్నగారి పేరున 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకోండి. అందులో కాగితాలు ఎక్కితే పోకుండా ఉంటాయి. అయితే ఎవరో ఒకరు ఎక్కించాలి, ఇంకెవరో తెరిచి చదవాలి. అందుకని అసలు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంచండి.

ప్రశ్న: నేను ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే పని చేస్తాను. తెల్లవారుజామునే వెళ్లి మధ్యాహ్నం దాటాక ఇంటికి వస్తాను. అప్పటికి ఆరోగ్య కేంద్రంలో డాక్టరుండరు. బీపీ మాత్రల కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు (పొరుగింటి అమ్మాయి రాసిపెట్టింది)

జవాబు: అక్కరలేకుండా చేయవచ్చు. కేరళలో 2017లో మొదలైన ఆర్ద్రం మిషన్ కింద కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చినచోట సాయంత్రం 6 గంటల దాకా ఓపీ నడుపుతున్నారు. అందుకు డాక్టర్లనూ నర్సులనూ పెంచారు. ఉన్నవారినే మరో రెండు గంటలు కూర్చోబెట్టలేదు. మీ హార్బర్ వాళ్లందరూ కలిసి వారానికి రెండు సాయంత్రాలైనా ఓపీ పెట్టమని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి అర్జీ ఇవ్వండి. మీతో పనిచేసేవారిలో బీపీ, షుగరు మాత్రలు వాడేవారు ఎందరో లెక్కపెట్టి ఆ సంఖ్య అర్జీలో మొదటి వరుసలోనే రాయించండి. ఈలోగా బీపీ అదుపులో ఉన్నవారికి ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు ఇవ్వగలరేమో మీ ఏఎన్‌ఎంను అడగండి.